ఎవరూ పోయని చాయ్

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం లేదు. మా నాయన సికింద్రాబాద్ కంటోన్మెంటులో తెల్లవాళ్ళ సమాధుల తోటకు కాపలాదారు. ఆ ప్రహరీ గోడకు ఆనుకునే మా గుడిసె. ఎండకు కాగిన రాయి మీద బట్టలు తొందరగా ఆరుతాయని మా అమ్మ సమాధుల మీదే చీరలు ఆరేసేది. నేనూ చెల్లెలూ ఆ రాళ్ళ మీద కూర్చునే గచ్చకాయలు ఆడేవాళ్ళం. ఎవరైనా దయ్యం, గియ్యం అంటే మా నాయన, "సచ్చినోళ్ళు మస్తు మంచోళ్ళు బిడ్డా, ఒక్కడు సుత నాతోని కొట్లాడలే" అని నవ్వేవాడు. ఆ నవ్వు వింటూనే పెరిగాను.

కాబట్టి ఇది పిరికిదాని మాట అనుకోకండి. ఆ ఒక్కరోజు తప్ప నా బతుకులో మళ్ళీ అలాంటిది ఏదీ జరగలేదు. ఆ ఒక్కరోజు జరిగింది మాత్రం పట్టపగలు, అంతమంది మధ్యలో.

నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. మారేడ్‌పల్లిలో గ్రేసమ్మ తన ఇంటి వరండాలో మాలాంటి ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని నేర్పింది. చాలా ఏళ్ళ కిందట మేమిద్దరం ఒకే ఆఫీసులో ఉండేవాళ్ళం. ఆమె టైపు కొట్టేది, నేను చాయ్ పెట్టేదాన్ని. ఇన్నేళ్ళలో ఆ రోజు ఊసు మేమిద్దరం ఎన్నడూ ఎత్తలేదు. ఈ మధ్య ఆమే అంది, "లచ్చక్కా, ఆ దినం అక్కడున్నోళ్ళల్ల మనిద్దరమే మిగిలినం. నాకైతే చెయ్యి ఆడుతలేదు. నువ్వు రాయి." అందుకని రాస్తున్నాను.

మా ఆఫీసు స్టేషనుకూ మోండా మార్కెట్‌కూ నడుమ ఉండేది. రైల్లో సరుకు తెప్పించి, పంపించే కంపెనీ. ముందు వరండా, దాని వెనుక పెద్ద హాలు, హాలు వెనుక గోదాము. హాలు మూలన తలుపు లేని చిన్న గది నాది. అందులో బొగ్గుల కుంపటి, కేతిలి, గోడకు వరసగా మేకులు. ఒక్కో మేకుకు ఒక్కో కప్పు. ఆ కాలంలో ఒకరి కప్పులో ఇంకొకరు తాగేవాళ్ళు కాదు. ఏ కప్పు ఎవరిదో, ఎవరికి ఎలా పోయాలో గుర్తు పెట్టుకోవడమే నా కొలువు.

పెద్ద గుమాస్తా దానియేలు గారిది గుంటూరు వైపు. ఆయనకు తీపి జబ్బు, సగం కప్పుకు మించి తాగేవారు కాదు. గోదాము చూసుకునే నర్సింగ్ కప్పును మూతి దగ్గరికే రానిచ్చేవాడు కాదు, అతనికి సాసర్లో పోసివ్వాలి. గ్రేసమ్మకు మీగడ నాలుకకు తగిలితే వాంతి వచ్చేది.

ఇక గఫూర్ సాబ్. రైలు వాళ్ళతో వ్యవహారమంతా ఆయనదే. ఆయనకు ఎంత పోసినా ఇంకొంచెం కావాలి. చాలు అనుకున్నప్పుడు నోటితో చెప్పేవారు కాదు. కప్పును సాసర్లో బోర్లించేవారు. టక్‌మని చిన్న చప్పుడయ్యేది. అది వినబడితే నేను కేతిలి దించేదాన్ని.

క్రిస్మస్ ముందు రోజు మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. కంటోన్మెంటులో బడా దిన్ అంటే క్రిస్మస్ నాడు దొరలే సిపాయిలకు వడ్డిస్తారు. మా కంపెనీ దొర ఒకప్పుడు పల్టన్‌లో పనిచేసినవాడు, ఆ అలవాటు ఆఫీసుకు తెచ్చిపెట్టాడు. మధ్యాహ్నానికి పని కట్టేసి అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. ఆఫీసులో పెద్దవాడు లేచి అందరికీ చాయ్ పోయాలి. పోసినవాడు అందరి తర్వాత తాగాలి. నేను మాత్రం ఆ రోజు చాయ్ కాచి పెట్టాక కేతిలి ముట్టకూడదు, అందరితో పాటు కుర్చీలో కూర్చోవాలి.

దొర తన దేశం వెళ్ళిపోయాక వచ్చిన మొదటి క్రిస్మస్‌కు దానియేలు గారు ఊళ్ళో లేరు. అందుకని గఫూర్ సాబ్ పోశారు. కుంపటి గుడ్డను నాలుగు మడతలు పెట్టి కేతిలి పట్టుకుని, చెయ్యి పైకెత్తి, దారం లాంటి ధారతో పోశారు. ఒక్క చుక్క బల్ల మీద పడలేదు. నర్సింగ్‌కు సాసర్లో, గ్రేసమ్మకు మీగడ పక్కకు తీసి. నా దగ్గరికి వచ్చేసరికి నేను సిగ్గుపడి, "నాకు సగం చాలు సాబ్" అన్నాను.

"అరె లచ్చమ్మా, సాల్ అంతా మాకు పోసి నువ్వు అడుగుది తాగుతవ్. ఈ రోజు నువ్వు మెహమాన్, మా ఇంటికొచ్చిన సుట్టానివి. మెహమాన్‌కు సగం పోస్తే రేపు అల్లాకు ఏం జవాబ్ చెప్పాలె?" అంటూ అంచు దాటి సాసర్లోకి పొర్లేదాకా పోశారు.

"గట్లనైతే నాకు బకెట్ల పొయ్యి సాబ్" అన్నాడు నర్సింగ్. అందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

ఆ తర్వాతి సంవత్సరం నవ్వులు లేవు. మొదట రజాకార్ల భయం. నర్సింగ్ చుట్టాలు పల్లె విడిచి అతని ఒంటిగది ఇంట్లో తలదాచుకున్నారు. యూనియన్ సైన్యం వచ్చాక భయం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారింది, అంతే. సైన్యం రావడానికి కొంచెం ముందే గఫూర్ సాబ్ తన ముసలి తల్లిని తెచ్చుకుంటానని బీదర్ వైపు పల్లెకు బయలుదేరారు. పోలీసు యాక్షన్ కొద్ది రోజుల్లోనే అయిపోయింది. ఆ పల్లెల నుంచి చెడ్డ కబుర్లు మాత్రం చలికాలం దాకా వస్తూనే ఉన్నాయి. గఫూర్ సాబ్ రాలేదు. ఆయన తల్లీ రాలేదు. వాళ్ళను చూశామన్న మనిషి ఒక్కడూ రాలేదు.

ఆయన భార్య మెహరున్నీసా బీబీ మా గల్లీ చివర ఉండేది. ఆమె అన్న ఇల్లు వాకిలి అమ్ముకుని కరాచీకి పోతున్నాడు. చెల్లెలిని ఇక్కడ ఒంటరిగా వదలలేడు. భర్త పోయాడని ఒప్పుకుని తనతో రమ్మని రోజూ గొడవ. ఆమె మెడలో లచ్ఛా ఉండేది. అది నల్లపూసల దండ, మనకు పుస్తె ఎలాగో వాళ్ళకు అది అలాగ. మొగుడు పోయాకే తీస్తారు. "మయ్యత్ చూడలే. చూసిన అన్నోడు ఒక్కడు లేడు. ఎట్ల తీస్త?" అని, శవాన్ని చూడనిదే తీయనని, ఆమె దాన్ని గుప్పిట్లో పట్టుకుని కూర్చునేది. ఉండిపోతే తిండి పెట్టే దిక్కు లేదు. వెళ్ళిపోతే, తర్వాత ఆయన తిరిగొచ్చి తలుపు కొడితే? అదే ఆమెను తినేసింది.

రేపు ఆఫీసులో పండగ అనగా, బీబీ నల్లా దగ్గర నన్ను ఆపింది.

"లచ్చమ్మా, రేపు మీ ఆఫీసుల చాయ్ కదా. ఆయన కప్పు సుత పెట్టు. ఎక్కడన్న జిందా ఉంటే ఆయన వంతు హిస్సా తప్పొద్దు."

సరేనన్నాను. కప్పే కదా, పెడితే ఏమవుతుంది అనుకున్నాను.

మరునాడు పొద్దుటి నుంచే హాలంతా సందడి. గ్రేసమ్మ రంగు కాగితాల గొలుసులు కట్టింది. నర్సింగ్ వెదురు బద్దలతో చుక్క చేసి పతంగి కాగితం అంటించాడు. ఒక కాలు వంకర పోయింది. "ఇది చుక్కనా, తేలా?" అని గ్రేసమ్మ వెక్కిరిస్తే, "యేసు సామి ఏమనుకోడు గాని నువ్వే పరేషాన్ చేస్తవ్ గ్రేసమ్మా" అన్నాడు. గ్రేసమ్మ వాళ్ళమ్మ పిండితో వేయించి పంపిన గులాబీ పువ్వులు, దానియేలు గారు తెచ్చిన కేకు బల్ల మీద పెట్టాం. చాలా రోజుల తర్వాత ఆ హాలులో మనుషులు గట్టిగా మాట్లాడుకోవడం విన్నాను.

గఫూర్ సాబ్ పనికి అప్పటికే కొత్త గుమాస్తా వచ్చాడు. రంగారావు, బెజవాడ అబ్బాయి. గఫూర్ సాబ్‌ను అతను ఎన్నడూ చూడలేదు. అతనూ ఒక కప్పు తెచ్చుకున్నాడు, దానికీ ఒక మేకు కొట్టాం.

నేను బల్ల మీద కప్పులు సర్దాను. ఎవరి ముందు వాళ్ళది, ఖాళీవి, మూతి పైకి. బల్ల చివర గఫూర్ సాబ్ కప్పు పెట్టాను. దాన్ని చూసి నర్సింగ్ నా వైపు తిరిగాడు. దానియేలు గారు మెల్లగా, "ఉండనివ్వమ్మా. మనిషి లేకపోయినా చోటుండాలి గదా" అన్నారు.

చాయ్ కాచి కేతిలి కుంపటి మీదే ఉంచి, నేనూ వరండాలోకి వచ్చాను. పద్ధతి ప్రకారం ముందు అక్కడ ప్రార్థన, పాట, హమాలీలకు మిఠాయి. ఆ తర్వాతే లోపల చాయ్.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చెప్పాలి. హాలుకు రెండే తలుపులు. వెనుకది గోదాములోకి పోతుంది, దానికి నర్సింగే తాళం వేశాడు, తాళంచెవి అతని మొలతాడుకే ఉంది. కిటికీలకు ఇనుప చువ్వలు. ముందు తలుపు దగ్గర నేనే ఉన్నాను, గడప మీద, ద్వారబంధానికి వీపు ఆనించి. నన్ను తోసుకోకుండా ఎవరూ లోపలికి పోలేరు. దానియేలు గారు, గ్రేసమ్మ, నర్సింగ్, రంగారావు నా కళ్ళ ముందే ఉన్నారు. హమాలీలు మెట్ల కింద కాటా చుట్టూ నిలబడ్డారు.

గ్రేసమ్మ పాట ఎత్తుకుంది. ఆమెది మంచి గొంతు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను కిరస్తానీని కాదు, నాకు ఆ పాట రాదు. ఊరికే నిలబడ్డాను.

అప్పుడు నా వెనుక, హాలులో, చాయ్ పోస్తున్న చప్పుడు వినబడింది.

పిల్లి అనుకుందామన్నా వీలు లేదు. అది నా బతుకు చప్పుడు. దగ్గరగా పోస్తే ఒక రకంగా వినబడుతుంది, ఎత్తు నుంచి పోస్తే ఇంకో రకంగా. ఇది ఎత్తు నుంచి, సన్నగా, తొందర లేకుండా పడుతున్న ధార. ఆగింది. కొంచెం జరిగి మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది. ఒక్కో కప్పు దగ్గర ఆగి ఆగి నడుస్తున్నట్టు.

ముందున్న మొహాలు ఒక్కొక్కటీ చూసుకున్నాను. అందరూ అక్కడే ఉన్నారు. సమాధుల మీద ఆడుకున్నదాన్ని, వెనక్కి ఒక్కసారి తల తిప్పలేకపోయాను. తిప్పితే ఏం కనబడుతుందో అన్న భయం కాదు. నేను చూసినట్టు అవతలి వాళ్ళకు తెలుస్తుందేమోనని భయం. అది వేరే భయం. ఎలా చెప్పాలో నాకు తెలియదు.

పాట అయిపోవచ్చింది. చివరి చరణం పాడుతుండగా లోపల ఇంకో చప్పుడు అయింది. టక్.

అది వినబడితే కేతిలి దించాలి, నా చేతిలో కేతిలి లేదు.

ప్రార్థన ముగించి అందరూ నవ్వుకుంటూ లోపలికి వచ్చారు. నేను గోడకు కరుచుకుని దారి ఇచ్చాను. దానియేలు గారు బల్ల చూసి, "అదేంటమ్మా లచ్చమ్మా, ఇవాళ నువ్వు పోయకూడదు గదా! నా పని కాస్తా నువ్వే చేసేశావే" అన్నారు.

కప్పుల్లోంచి ఆవిరి లేస్తోంది. దానియేలు గారి కప్పులో సగం. నర్సింగ్ కప్పు ఖాళీ, అతని సాసర్ నిండా చాయ్. గ్రేసమ్మ కప్పులో మీగడ లేదు, తీసిన మీగడ ఆమె సాసర్ అంచున ఉంది. నా కప్పు అంచు దాటి సాసర్లోకి పొర్లింది. కుంపటి మీద ఉండాల్సిన కేతిలి బల్ల మీద ఉంది. దాని పిడికి నా కుంపటి గుడ్డ, నాలుగు మడతలు పెట్టి.

ముందు నోరు విప్పింది రంగారావు. పాపం, అతనికి కోపం వచ్చింది. "అందరికీ పోసి నాకు పొయ్యలేదేంటండీ? కొత్తవాణ్ణనా?"

అతని కప్పు మాత్రం సాసర్‌తో సహా ఖాళీగా, పొడిగా, మూతి పైకి నేను పెట్టినట్టే ఉంది.

"నేను పొయ్యలే సారూ" అన్నాను. మళ్ళీ అన్నాను. "నేను గడప దాటలే. మీ ముంగటనే ఉన్న."

అప్పుడు నర్సింగ్ బల్ల చివరకు చూశాడు. గఫూర్ సాబ్ కప్పు సాసర్లో బోర్లించి ఉంది.

నర్సింగ్ కట్టె తీసుకుని గోదాము తలుపు దగ్గరికి ఉరికాడు. తాళం వేసింది వేసినట్టే ఉంది. తెరిచి బస్తాల వెనకాల, బల్లల కింద అంతా వెతికాడు. ఎవరూ లేరంటూ తిరిగి వచ్చాడు. దానియేలు గారు ఏదో కీర్తన చదువుతున్నారు. ఎవరు, ఏమిటని రంగారావు అడుగుతూనే ఉన్నాడు. "ఆ కప్పెవరిది? ఎవరిదండీ?" ఆ పేరు అతనితో ఎలా చెప్పేది? గఫూర్ సాబ్ కుర్చీలో కూర్చుంటున్నది అతనే కదా.

ఎవరూ చాయ్ ముట్టలేదు. అది చల్లారి మీగడ కట్టింది.

కప్పులు కడగాల్సింది మాత్రం నేనే. "ముట్టుకోకమ్మా" అన్నారు దానియేలు గారు. ముట్టుకోకపోతే ఆ కప్పు అలాగే అక్కడ ఉంటుంది. అది ఇంకా భయం. గ్రేసమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. నేను కప్పు ఎత్తాను. మిగతావన్నీ చల్లబడ్డాయి. అది వేడిగా ఉంది. లోపల తడి. అడుగున ఒక్క చాయ్ ఆకు అంటుకుని ఉంది. కింద సాసర్లో చుక్క లేదు.

ఇంటికి పోయేటప్పుడు గ్రేసమ్మ నాతో వచ్చింది. బీబీకి చెప్పకూడదని దారిలో ఇద్దరం అనుకున్నాం. కానీ ఆమె గల్లీ మొగలోనే, పర్దా పక్కకు జరిపి నిలబడి ఉంది. మా మొహాలు చూసింది.

"వచ్చిండా?" అంది.

చెప్పాను. చూసింది చూసినట్టు చెప్పాను. ఆమె ఏడవలేదు. అంతా విని ఒక్కటే అడిగింది.

"తాగి బోర్లించిండా, తాగకుండనా?"

"తాగే బోర్లించిండు బీబీ. కప్పు ఇంకా వేడిగున్నది."

ఆమె గోడకు తల ఆనించింది. "అయితే బస్ అన్నడు" అంది. "ఇంక పొయ్యొద్దు అన్నడు." మా ఎదుటనే రెండు చేతులూ మెడ వెనక్కి పెట్టి లచ్ఛా ముడి విప్పింది. పూసలు చిక్కుపడి రాలేదు. గ్రేసమ్మను విప్పమంది. ఆ పిల్ల ఏడుస్తూ విప్పింది.

మొగుడు పోయిన ఆడది ఇల్లు కదలకుండా గడపాల్సిన ఇద్దత్ రోజులు ముగిశాక ఆమె అన్నతో వెళ్ళిపోయింది. పోయేముందు ఆ కప్పు అడిగి తీసుకుంది. రంగారావు పండగ సెలవుల తర్వాత తిరిగి ఉద్యోగానికే రాలేదు. దానియేలు గారు మరుసటి ఏడు నుంచి ఆఫీసులో చాయ్ పద్ధతి ఆపేసి, అందరినీ చర్చికి పిలిచారు. ఖాళీ మేకును మాత్రం ఎవరూ పీకలేదు.

ఎవరైనా వేళాకోళం చేశారేమోనని చాలాసార్లు ఆలోచించాను. చేస్తే గోదాము తాళంచెవి ఉన్న నర్సింగే చేయాలి. అతను పోయే ముందు మంచం మీద నా చెయ్యి పట్టుకుని, "లచ్చమ్మా, నేను గాదే" అన్నాడు. నేను అడగనే లేదు. అతనికీ ఆ మాటే లోపల తొలుస్తూ ఉందన్నమాట.

ఇంతటితో అయిపోయి ఉంటే ఇన్నేళ్ళ తర్వాత ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

మనది ఇంకా హైదరాబాద్ రాష్ట్రంగా ఉన్న రోజుల్లోనే, ఒక లారీ డ్రైవర్ నర్సింగ్‌తో ఒక మాట అన్నాడు. జహీరాబాద్ రోడ్డు మీద ఒక హోటల్లో ఒక ముసలాయన చాయ్ పోస్తున్నాడని, చెయ్యి అంతెత్తు లేపినా చుక్క పడదని, ఎవరితోనూ మాట్లాడడని. నర్సింగ్ మరునాడే బస్సెక్కి పోయాడు. హోటల్ వాడు, "ఉండె. పేరు చెప్పలే. పోయిన వానకాలం ఎటో పోయిండు" అన్నాడట. ఆ ముసలాయన తాను తాగినాక కప్పు ఏం చేసేవాడని నర్సింగ్ అడిగాడు. హోటల్ వాడు నవ్వి, "గదేం సవాల్ అడుగుతవ్ అన్నా? బోర్లిచ్చేటోడు" అన్నాడట.

కరాచీలో బీబీ ఎక్కడుందో మాకు తెలియదు. తెలిసినా ఏమని చెప్పాలి?

ఆయన అప్పటికే పోయి ఉంటే, ఆ రోజు చాయ్ పోసింది ఆయనే అనుకుని ఊరుకుంటాను. ఆయనంటే నాకు భయం లేదు, పండగనాడు నన్ను కూర్చోబెట్టి నిండు కప్పు పోసిన మనిషి. కానీ ఆయన బతికే ఉంటే? మరి నా వెనుక నిలబడి, మా అందరి అలవాట్లు తెలిసి, ఒక్కో కప్పూ నింపి, చివరకు ఆ కప్పు తాగి బోర్లించింది ఎవరు? ఎవరు బస్ అంటే బీబీ లచ్ఛా తీసింది? 

మా ఇంట్లో కప్పులు కడిగి మూతి పైకే ఆరబెడతాం. దుమ్ము పడుతుంది అత్తమ్మా అంటుంది కోడలు. పడనీ అంటాను. ఎప్పుడైనా ఇంటికి వచ్చినవాళ్ళు తెలియక వెనుక గదిలో కప్పు బోర్లిస్తారు. ఆ టక్‌మన్న చప్పుడు వినబడినప్పుడు, ఎవరని అడుగుతాను గాని, తల మాత్రం వెనక్కి తిప్పను.